స్క్వాడ్రన్ లీడర్: రెండు సంతకాల నడుమ ఒక హోదా



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయనను మన ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన ‘వారెంట్ ఆఫీసరు గారు’. భారత వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరుగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి ఆ హోదాలో పదవీ విరమణ చేసి వచ్చారు. ఆయన పేరిట మాట్లాడమని మీరు అడిగినప్పుడు, ఆయన ఎన్నడూ అందుకోని, కాని ఉద్యోగమంతా ఎదురుగా నిలబడి చూసిన ఒక హోదా గురించి మాట్లాడాలనిపించింది. అదే స్క్వాడ్రన్ లీడర్ హోదా.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యం కొత్త సంగతి కాదు. జవాను లేని వీధి మన ఊళ్ళల్లో అరుదు. విశాఖ పక్కనే ఉండటం వల్ల నావికాదళం హోదాలు కూడా మనకు చెవిన పడుతుంటాయి. వైమానిక దళం మాత్రం కాస్త దూరం. మేజర్ అంటే గుర్తుపడతారు, లెఫ్టినెంట్ కమాండర్ అన్నా గుర్తుపడతారు. స్క్వాడ్రన్ లీడర్ అంటే మాత్రం నా తరం వాళ్ళకు ఒక్క మనిషే గుర్తొస్తాడు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్ళిన రాకేశ్ శర్మ. ఆయన హైదరాబాద్‌లో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, తర్వాత నిజాం కాలేజీలో చదువుకున్నారు. ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆయన పేరు ముందు స్క్వాడ్రన్ లీడర్ అని వేసేవి. అది బిరుదనుకున్నవాళ్ళు కూడా మన వైపు ఉన్నారు.

మూడు దళాల్లోనూ ఇది ఒకే ఎత్తులో ఉన్న మెట్టు. సైన్యంలో మేజర్, నావికాదళంలో లెఫ్టినెంట్ కమాండర్, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ సమానం. మేజర్ భుజం మీద జాతీయ చిహ్నం ఉంటుంది. మిగతా ఇద్దరికీ చారలు ఉంటాయి. రెండు చారలు, వాటి నడుమ ఒక సన్నని చార. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. దాని వెనుక వందేళ్ళ కథ ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్‌లో రెండు వైమానిక బలగాలు ఉండేవి. సైన్యం కింద ఒకటి, నావికాదళం కింద ఒకటి. సైన్యం వైపు స్క్వాడ్రన్‌ను మేజర్ నడిపేవాడు. నావికాదళం వైపు స్క్వాడ్రన్ కమాండర్ నడిపేవాడు. 1918 ఏప్రిల్ 1న రెంటినీ కలిపి రాయల్ ఎయిర్‌ఫోర్స్ అన్నారు. కలిపారు గాని హోదాలకు ఏం పేర్లు పెట్టాలో తేలలేదు. ఏడాదికి పైగా సైన్యం పేర్లతోనే నెట్టుకొచ్చారు. ఆకాశంలో పనిచేసే దళానికి నేల మీది పేర్లెందుకని కొందరు, మా పేర్లు మీరు తీసుకోవద్దని సైన్యం, నావికాదళం పెద్దలు కొందరు. ఆర్డియన్, రీవ్, బానరెట్ వంటి పాతకాలపు మాటలు కూడా పరిశీలనకు వచ్చాయి. చివరికి 1919 ఆగస్టులో ఇప్పటికీ దాదాపుగా మనం వాడుతున్న వరుస ఖాయమైంది. పైలట్ ఆఫీసర్, ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లయిట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్. చారలు మాత్రం నావికాదళం నుంచి తెచ్చుకున్నారు.

ఆ పేరు పెట్టిన నాడు అది ఉద్యోగ వివరణే. స్క్వాడ్రన్ అంటే పది పదహారు విమానాలు, వాటి పైలట్లు, వాటిని కాచుకునే మెకానిక్కులు, వీళ్ళందరికీ ఒక అధికారి. ఆ అధికారి స్క్వాడ్రన్ లీడర్. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటంలో అదే పద్ధతి. మన దగ్గరా అదే పద్ధతి. 1932 అక్టోబర్ 8న భారత వైమానిక దళం పుట్టింది. 1933 ఏప్రిల్‌లో కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో ఒకటో స్క్వాడ్రన్ నాలుగు వాపిటి విమానాలతో మొదలైంది. నడిపేది మాత్రం ఇంగ్లీషు అధికారే. ఆ కుర్చీలో ఒక భారతీయుడు కూర్చోవడానికి 1939 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన సుబ్రతో ముఖర్జీ. పదిహేనేళ్ళ తర్వాత, 1954లో, మొత్తం దళానికి ఆయనే తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఒక్క స్క్వాడ్రన్ నుంచి దళమంతటిదాకా ఆయన నడిచిన దారిలో మొదటి అడుగు ఇదేనని నేను అనుకుంటాను. భారతీయుడి మాట మీద ఒక స్క్వాడ్రన్ విమానాలు లేవడం, దిగడం ఆ రోజు మొదలైంది.

ఇక్కడ మన జిల్లాల కథ కూడా వచ్చి కలుస్తుంది. దీన్ని కాస్త నిలబడి చూద్దాం.

మన తాతల కాలంలో ‘రంగం వెళ్ళాడు’ అనే మాట ఎంత మామూలో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. వంశధార, నాగావళి ఒడ్డున కరువొస్తే రంగూన్ ఓడ ఎక్కడమే దారి. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మనవాళ్ళు కూలి చేశారు. 1941 డిసెంబర్‌లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలాదిమంది భారతీయులు అడవుల వెంట, అరకాన్ దారుల వెంట నడిచి వచ్చారు. దారిలో పడిపోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. మన ఊళ్ళల్లో ఎన్నో ఇళ్ళల్లో ‘అతను రంగంలోనే ఉండిపోయాడు’ అన్న మాటతో ఒక మనిషి కథ ముగిసిపోతుంది.

సరిగ్గా ఆ నెలల్లో, ఆ ఆకాశంలోనే భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ పోరాడింది. దాన్ని నడిపినవాడు స్క్వాడ్రన్ లీడర్ కరుణ్ కృష్ణ మజుందార్. దళంలో అందరూ జంబో అని పిలిచేవారు. వాళ్ళ చేతిలో ఉన్నవి లైసాండర్లు. సైన్యానికి కబుర్లు మోయడానికి, శత్రువు కదలికలు చూడడానికి చేసిన నిదానం విమానాలు. బాంబులు వేయడానికి కావు. 1942 ఫిబ్రవరి మొదటి రోజుల్లో, బర్మాలోని టౌంగూకు చేరిన వెంటనే, మజుందార్ తన లైసాండర్‌కు బాంబులు కట్టించుకుని సరిహద్దు దాటి థాయిలాండ్‌లోని జపాన్ విమాన స్థావరం మీద దాడి చేశారు. మొదటిసారి తానే వెళ్ళారు. మర్నాడు స్క్వాడ్రన్‌ను తీసుకెళ్ళారు. కింద నడిచి వస్తున్నవాళ్ళలో మన మజ్జివాళ్ళు, గొర్లెవాళ్ళు, లండవాళ్ళు ఉండి ఉంటారు. తలెత్తి చూసినవాళ్ళకు అది తమ దేశపు కుర్రాడు నడుపుతున్న విమానమని తెలిసి ఉండదు.

ఏప్రిల్ 6న యుద్ధం మన గుమ్మంలోకే వచ్చింది. జపాన్ నౌకల మీంచి లేచిన విమానాలు విశాఖ మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో అప్పటికే తీర రక్షణ కోసం వలంటీరు పైలట్లతో ఒక ఫ్లయిట్ ఉండేది. కరాచీలో దళం పుట్టిననాటి ఆ పాత వాపిటి విమానాల్లోనే వాళ్ళు బంగాళాఖాతం మీద తిరిగి కాపలా కాసేవారు. ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయింది. బొబ్బిలి దగ్గర బాడంగిలో ఆ యుద్ధకాలంలో వేసిన రన్‌వే ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. మన పిల్లలకు అదొక పాత రోడ్డు ముక్క. దాని మీదుగా ఈ జిల్లాల చరిత్రలోకి విమానం దిగిందని ఎవరైనా వాళ్ళకు చెప్పాలి. అక్కడొక పలక పెట్టించే పని ఈ గ్రంథాలయ సంఘం తలకెత్తుకుంటే నేను ముందుంటాను.

రెండేళ్ళ తర్వాత, 1944లో, అదే ఒకటో స్క్వాడ్రన్‌ను హరికేన్ విమానాలతో ఇంఫాల్‌లో నడిపినవాడు స్క్వాడ్రన్ లీడర్ అర్జన్ సింగ్. అప్పటికి పాతికేళ్ళవాడు. తర్వాతి కాలంలో ఐదు నక్షత్రాల మార్షల్ ఆఫ్ ది ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ హోదా అందుకున్న ఒకే ఒక్క మనిషి.

స్వాతంత్ర్యం వచ్చాక దళం పెరిగింది. విమానాలు జెట్లయ్యాయి, ఖరీదయ్యాయి, వాటి బాధ్యత పెద్దదయింది. స్క్వాడ్రన్ కుర్చీ వింగ్ కమాండర్‌కు వెళ్ళింది. స్క్వాడ్రన్ లీడర్ దాని కింద ఫ్లయిట్ కమాండర్ అయ్యాడు. 1965 యుద్ధంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సెప్టెంబర్ 7 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీదికి మిస్టియర్ విమానాలు వెళ్ళాయి. ముందు నడిచింది ఒకటో స్క్వాడ్రన్ అధిపతి వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా. ఆ గుంపులో ప్రత్యామ్నాయంగా సిద్ధంగా ఉంచినవాడు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య. కొడగు మనిషి. ఎవరిదైనా విమానం మొరాయిస్తేనే ఆయన వెళ్ళాలి. వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏం జరిగిందో మన దగ్గర ఎవరికీ తెలియలేదు. తప్పిపోయినవాళ్ళ జాబితాలో ఆ పేరు ఉండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత పాకిస్తాన్ వైపు కథ రాసిన ఒక ఆంగ్ల రచయిత పుస్తకం ద్వారా అసలు సంగతి బయటికి వచ్చింది. తనను వెంటాడిన స్టార్‌ఫైటర్‌తో, తన విమానం దెబ్బతిన్నాక కూడా, తలపడి దాన్ని కూల్చి ఆయన చనిపోయారు. మిస్టియర్ కంటే ఆ స్టార్‌ఫైటర్ దాదాపు రెట్టింపు వేగమైనది. 1988లో, ఇరవై మూడేళ్ళ తర్వాత, మహావీర చక్ర ప్రకటించారు. దాన్ని అందుకున్నది ఆయన భార్య.

ఈ హోదా చరిత్ర చదివేవాళ్ళు ఒక విషయం గమనించాలి. హోదా పేరు ఒకటే అయినా ఏ సంవత్సరంలో అన్నది చూడకుండా దాని బరువు తెలియదు. రాకేశ్ శర్మ 1970లో దళంలో చేరి పద్నాలుగేళ్ళ తర్వాత కూడా స్క్వాడ్రన్ లీడరే. 1985లో కమిషన్ పొందిన పైలట్ అజయ్ అహూజా 1999లో, అంటే మళ్ళీ పద్నాలుగేళ్ళకు, స్క్వాడ్రన్ లీడరే. 2004 జూన్‌లో కమిషన్ పొందిన పైలట్ అభినందన్ వర్ధమాన్ మాత్రం 2019 ఫిబ్రవరికి వింగ్ కమాండర్. ముగ్గురి సర్వీసూ దాదాపు సమానం. మధ్యలో మారింది ప్రభుత్వ నిబంధన. ఎ.వి. సింగ్ కమిటీ సిఫార్సుల మీద 2004 డిసెంబర్ నుంచి ప్రమోషన్లకు కాలపరిమితి తగ్గించారు. ఫ్లయింగ్ ఆఫీసర్‌గా చేరితే రెండేళ్ళకు ఫ్లయిట్ లెఫ్టినెంట్, ఆరేళ్ళకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్ళకు వింగ్ కమాండర్. పైలట్ ఆఫీసర్ అన్న అడుగుమెట్టు తీసేశారు. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాళ్ళు, అమ్మాయిలు ఆ చారలు కడుతున్నారు. స్క్వాడ్రన్ కుర్చీ చాలాచోట్ల గ్రూప్ కెప్టెన్‌కు చేరింది.

దీన్ని చూసి హోదా చవకైపోయిందని పెదవి విరిచే మాజీ అధికారులను నేను విన్నాను. నాకు అలా అనిపించదు. నా అభిప్రాయం వారెంట్ ఆఫీసరు గారి దగ్గర నేర్చుకున్నదాని మీద నిలబడింది.

ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఎఫ్-700 అంటారు. విమానం లేచే ముందు ఇంజన్ చూసినవాడు, ఎలక్ట్రికల్స్ చూసినవాడు, ఆయుధాలు చూసినవాడు ఎవరి వరుసలో వాళ్ళు సంతకం పెడతారు. ఆ తర్వాత పైలట్ వచ్చి ఆ సంతకాలన్నీ చూసి, విమానం చుట్టూ ఒకసారి తిరిగి, కింద తన సంతకం పెట్టి తీసుకుంటాడు. వారెంట్ ఆఫీసరు గారు ఆ మొదటి వరుసలో వేల సంతకాలు చేసిన మనిషి. తన సంతకం మీద ఎగిరిన విమానం తిరిగి దిగేదాకా తనకు టీ రుచించేది కాదని చెప్పేవారు.

రెండో పుస్తకం ఇంకొకటి ఉంది. ఆథరైజేషన్ బుక్. ఏ పైలట్, ఏ విమానంలో, ఏ పని మీద, ఎంత ఎత్తులో, ఎంతసేపు వెళ్ళవచ్చో అందులో రాసి అనుమతించే సంతకం ఉంటుంది. సాధారణంగా ఆ సంతకం ఫ్లయిట్ కమాండర్‌ది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ దాకా ఒక అధికారి తన సొంత చేతి నేర్పుకు జవాబుదారీ. స్క్వాడ్రన్ లీడర్ అయ్యాక ఇంకొకరిని ఆకాశంలోకి పంపడానికి జవాబుదారీ అవుతాడు. ఈ కుర్రాడు నిన్న రాత్రి సరిగ్గా నిద్రపోయాడా, ఇంటి నుంచి ఏదైనా చెడు కబురు వచ్చిందా, ఈ మబ్బులో ఇతన్ని పంపవచ్చా, రేపటికి ఆపాలా? ఇవి చూసే కళ్ళు ఆ హోదాకు కావాలి. పద్నాలుగేళ్ళకు వచ్చినా ఆరేళ్ళకు వచ్చినా ఆ సంతకం బరువు అదే. ఇంకా చిన్న వయసులో వస్తే ఇంకా బరువు.

కార్గిల్ రోజుల్లో ఇది దేశమంతా చూసింది. 1999 మే 27న బటాలిక్ ప్రాంతంలో ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజన్ ఆగిపోయింది. నచికేత తెలుగు కుటుంబం పిల్లవాడు. పారాచూట్‌తో దూకారు. కొద్ది దూరంలో మిగ్-21లో ఉన్న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా పని ముగించుకుని వెనుదిరగవచ్చు. భుజం మీంచి కాల్చే క్షిపణులు కింద కొండల్లో ఉన్నాయని ఆయనకు తెలుసు. అయినా దూకిన కుర్రాడు ఎక్కడ పడ్డాడో కనిపెట్టాలని అక్కడే తిరిగారు. క్షిపణి తగిలింది. నచికేత పట్టుబడి, జూన్ మొదటివారంలో విడుదలై ఇంటికి వచ్చారు. అహూజా శవపేటికలో వచ్చారు. ఆయన 17వ స్క్వాడ్రన్‌లో ఫ్లయిట్ కమాండర్. నచికేత ఆయన స్క్వాడ్రన్ మనిషి కూడా కాడు. ఆయన పుస్తకంలో ఆ కుర్రాడి పేరు లేదు.

ఈ హోదా అంటే పైలట్లే అనుకోవద్దు. ఇంజనీర్లు, వాతావరణం చూసేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు, రాడార్ల దగ్గర కూర్చునేవాళ్ళు కూడా ఇదే చారలు కడతారు. 2019 ఫిబ్రవరి 27న జమ్మూ కాశ్మీర్ మీద భారత, పాకిస్తాన్ విమానాలు ఎదురుపడినప్పుడు, నేల మీద తెర ముందు కూర్చుని మన పైలట్లకు దారి చూపిన ఫైటర్ కంట్రోలర్ స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్. యుద్ధ సేవా పతకం పొందిన తొలి మహిళ ఆమె.

యుద్ధం లేనప్పుడు కూడా ఆ రెండు పుస్తకాలూ ఉంటాయి. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్న ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్ళలో ఎనిమిది మంది విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు. ఆ కుటుంబాల ఎదురుచూపు మన ఉత్తరాంధ్రది. దాదాపు ఏడున్నరేళ్ళకు, 2024 జనవరిలో, సముద్రంలో 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని ప్రకటించారు. విమానం ఎక్కించి పంపడం ఎంత మాటో ఆ ఇళ్ళవాళ్ళకు తెలిసినంతగా నాకు తెలియదు.

ఇక నేను నిజంగా చెప్పదలచుకున్నది. మన రెండు జిల్లాలు మొదటి పుస్తకానికి సంతకాలు చేసే మనుషులను ఇచ్చాయి, ఇస్తున్నాయి. తెల్లారకముందే మైదానాల్లో, రోడ్డు పక్కన పరుగెత్తే కుర్రాళ్ళను చూస్తే నాకు గుండె నిండుతుంది. కాని వాళ్ళలో చాలామందికి తెలిసిన దారి ఒక్కటే. 2022 తర్వాత అది అగ్నివీర్ దారి. నాలుగేళ్ళ కొలువు, తర్వాత నలుగురిలో ఒకరికి కొనసాగింపు. ఆ దారిని నేను తక్కువ చేయడం లేదు. వారెంట్ ఆఫీసరు గారు అటువంటి మెట్ల మీంచే వచ్చారు. రెండో పుస్తకం దగ్గరికి వెళ్ళే దారి మన ఇంటి పక్కనే ఉందని చెప్పేవాళ్ళు లేరన్నదే నా బాధ.

కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 జనవరిలో మొదలైంది. విజయనగరం పూసపాటి పి.వి.జి. రాజు గారు తమ కోరుకొండ ప్యాలెస్‌ను, భూమిని బడికి ఇచ్చారు. రాజు ఇచ్చిన ఇంట్లో రైతు బిడ్డ అధికారి కావడానికి చదువుకోవడం ఈ నేల మీద జరిగిన మంచి పనుల్లో ఒకటి. వైమానిక దళం అకాడమీ హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉంది. దేశంలో ఏ మూల పుట్టిన పైలట్ అయినా ఫ్లయింగ్ ఆఫీసర్‌గా తొలి చార కట్టేది మన తెలుగు నేల మీదే. 2016 జూన్‌లో ఫైటర్ విమానాలకు తొలి ముగ్గురు మహిళలు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఎంపికై చారలు కట్టిందీ అక్కడే. వాళ్ళు ముగ్గురూ తర్వాత స్క్వాడ్రన్ లీడర్లయ్యారు. కోరుకొండ బడి, దుండిగల్ అకాడమీ రెండూ మనకు రైలు దూరంలో ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తున్నారు, మన పిల్లలు తక్కువగా వెళ్తున్నారు.

తల్లిదండ్రులు నన్ను అడిగేది జీతం, భద్రత. దాచకుండా చెబుతాను. ఏడో వేతన సంఘం లెక్కలో స్క్వాడ్రన్ లీడర్ మూల వేతనం రూ. 69,400తో మొదలవుతుంది, దాని మీద మిలిటరీ సర్వీస్ పే రూ. 15,500, ఇతర భత్యాలు. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరి పదేళ్ళకో పద్నాలుగేళ్ళకో బయటికి వచ్చేవాళ్ళకు పెన్షన్ లేదు. ఆ వయసులో మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. ముప్పై రెండేళ్ళ స్క్వాడ్రన్ లీడర్‌ను ఖాళీ చేతులతో పంపడం నాకు న్యాయంగా తోచదు. అన్నీ తెలుసుకుని పంపండి, తెలియక ఆపకండి.

ఎయిర్‌మన్ కొడుకు ఎయిర్‌మనే కావాలన్న రూలు లేదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్నవాళ్ళు ఎన్‌డీఏ రాయవచ్చు. డిగ్రీ, బీటెక్ వాళ్ళకు ఏఎఫ్‌క్యాట్, సీడీఎస్ ఉన్నాయి. ఎన్‌డీఏలో అమ్మాయిలకు 2021లో సుప్రీంకోర్టు తలుపు తెరిపించింది. 2025 మేలో 17 మంది అమ్మాయిలతో తొలి జట్టు బయటికి వచ్చింది. కోరుకొండలోనూ 2021 నుంచి ఆరో తరగతిలో ఆడపిల్లలను తీసుకుంటున్నారు.

కాబట్టి ఈ ఉపన్యాసాన్ని నడిపే ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపం ఒకటి. ఏటా వచ్చే వడ్డీలో ఉపన్యాసానికి పెట్టే ఖర్చు తగ్గించండి. సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు పదేళ్ళు నిండి పన్నెండు దాటని పిల్లలు అర్హులు. అంటే మన మండల పరిషత్ బడుల్లో ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్నవాళ్ళు. నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఆ బడులకు వెళ్ళి, లెక్కల్లో చురుకైన పిల్లలను గుర్తించి, దరఖాస్తు పెట్టించి, పరీక్ష ఫీజు కట్టి, వాళ్ళకు మూడు నెలలు సాయంత్రం పాఠాలు చెప్పించండి. పాఠాలు చెప్పడానికి రిటైరైన మాస్టార్లు ఈ హాల్లోనే కనీసం డజను మంది కూర్చున్నారు. వాళ్ళ పేర్లు ఈ రాత్రికే రాసుకోండి. మొదటి పేరు నాది రాయండి.